కాడి కట్టని ముందు చక్రాలు

మీ బండ్లలో ఇప్పుడు గేర్ రాడ్డు పక్కన గుండ్రటి బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి, కళ్ల ముందు పచ్చ దీపం వెలుగుతుంది, మీరు పాటలు వింటూ వెళ్లిపోతారు. నాకేమీ అసూయ లేదు. అంటే, కొంచెం ఉంది. అలాంటి దీపం ఒకటి నా జీపులో కూడా ఉండి ఉంటే, ఆరేళ్ల పాటు సిరోంచ తాలూకాకంతా నేనే ఫోర్ వీల్ ఉస్తాద్‌నని చెప్పుకుంటూ తిరిగేవాణ్ణి కాదు. ఆ ఉస్తాద్‌గిరీ ఒక్క పూటలో ఇసుకపాలయ్యేదీ కాదు.

డ్రైవర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరినవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను పాత సంగతులు చెప్పమంటారు. గొప్ప సంగతులు చెప్పడం నాకు బాగా వచ్చు. ఈసారి మాత్రం పరువు తక్కువ సంగతి చెబుతాను.

నేను మహారాష్ట్రలోని సిరోంచ అవతల అడవి అంచున ఉన్న ఒక చిన్న సర్కారు దవాఖానాలో జీపు నడిపేవాణ్ణి. నేను చేరేనాటికే ఆ జీపుకు పన్నెండేళ్లు దాటాయి. దానికి రెండు రాడ్లు. పొడుగుది మామూలు గేర్లకు. దాని పక్కన మోకాలికి తగిలేలా పొట్టిది ఇంకొకటి. రెండు చక్రాలు లాగాలా నాలుగు లాగాలా అన్నది ఆ పొట్టి రాడ్డు చెప్పాలి. నాకంటే ముందున్న డ్రైవర్‌కు ముల్చేరకు బదిలీ అయింది. బస్సు రావడానికి పావుగంట ఉందనగా బస్టాండు ముందే జీపులో కూర్చోబెట్టి నాకు పాఠం చెప్పాడు.

"చూడు తమ్మీ, చిన్న రాడ్డు గిట్ల ముందటికుంటె రెండు గిర్రలు. ఎనకకు గుంజితె నాలుగు. తర్వాత సున్న వస్తది, ఆడ ఏ గిర్ర గుంజది, ఆపకు. ఇంకా ఎనకకు గుంజినవనుకో, నాలుగే గని దమ్మెక్కువ. ఆ దమ్ముది ఏసేటప్పుడు బండి నిలవెట్టాలె, క్లచ్ తొక్కాలె. మల్ల తీసేటప్పుడు జామైతె పరేషాన్ గాకు, జర రివర్స్ కొట్టు, ఇడుస్తది."

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?"

"ఉన్నది, ముందటి గిర్రలకు..." అంటుండగానే బస్సు వచ్చింది. మా దారిలో బస్సు వేళకు రావడం నేను చూసింది ఆ ఒక్క రోజే. ఆయన సంచీ భుజాన వేసుకుని, "నడుపుతుంటె నీకే తెలుస్తది తియ్" అంటూ ఎక్కేశాడు. ఆ మిగిలిన సగం మాట తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఈలోపు నేను ఉస్తాద్‌ను అయిపోయాను. పొట్టి రాడ్డును చివరిదాకా లాగితే ఇంజన్ గొంతు మారేది, బండి గుర్రుమంటూ మెల్లగా, బలంగా కదిలేది. నాలుగు చక్రాలూ లాగుతున్నాయనడానికి ఇంకేం రుజువు కావాలి అనుకున్నాను. వెనక ఇరుసు రెండుసార్లు విరిగింది. బాగు చేసిన మెకానిక్ రెండోసారి నా మొహంలోకి చూసి, "బండి నడుపుతున్నవా, దున్నుతున్నవా?" అన్నాడు. అడవి దారుల సంగతి పట్నపు మెకానిక్‌కు ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. చాయ్ హోటల్ దగ్గర నలుగురు డ్రైవర్లు చేరితే పొట్టి రాడ్డు మీద నా ఉపన్యాసం ఉండాల్సిందే. ఏటపల్లి నుంచి వచ్చిన ఒక డ్రైవర్ పాపం శ్రద్ధగా అంతా విని, చాయ్ కూడా ఇప్పించి వెళ్లాడు. ఆయన ఇప్పటికీ ఎక్కడో ఇసుకలో ఉన్నాడేమోనని నాకు అప్పుడప్పుడూ భయం వేస్తుంది.

నెలకొకసారి టీకాల రోజున మేము వాగు అవతల ఉన్న ఒక గోండు ఊరికి వెళ్లేవాళ్లం. మేమంటే నేనూ, నర్సు బాయీ. ఆమెది మరాఠీ మాట్లాడే చామోర్షి. వచ్చిన కొత్తలో ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. టీకాల డబ్బాను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది, నేను ముందు కూర్చుని ఫోర్ వీల్ గొప్పలు చెబుతుంటే ఊఁ కొట్టేది.

వానాకాలం నాలుగు నెలలు ఆ వాగు దాటే ప్రశ్నే లేదు. మిగతా రోజుల్లో నీళ్లు సన్నబడి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుకే. నేను ఈ గట్టు మీదే బండి ఆపి, దమ్ము ఎక్కువున్న గేరు వేసి, ఆక్సిలరేటర్ బలంగా తొక్కి దిగేవాణ్ణి. సరిగ్గా నడిమిట్లోకి రాగానే బండి కూరుకుపోయేది. రెండుసార్లు హారన్ కొట్టేవాణ్ణి. అవతలి గట్టున తలలకు తువ్వాళ్లు చుట్టుకుని డజను మంది అప్పటికే సిద్ధంగా ఉండేవాళ్లు. వచ్చి, అరుస్తూ, నవ్వుతూ, బండిని తోసి గట్టెక్కించేవాళ్లు. తర్వాత అందరూ జీపు ఎక్కేవాళ్లు. ఎక్కడమంటే లోపల నలుగురు, ఫుట్‌బోర్డు మీద నలుగురు, వెనక వేలాడుతూ మిగతావాళ్లు. తోసినందుకు అది వాళ్ల హక్కు. ఊళ్లోకి పోయేదాకా ప్రతి ఇంటి ముందూ "నర్సు బాయి వచ్చింది! పోరలను తీస్కరాండ్రి!" అని కేకలు వేసేవాళ్లు.

ఈ తోసే గుంపులో చేరకుండా గట్టు మీది రాయి పైన కూర్చుని చూసే మనిషి ఒకరుండేది. ఊళ్లో అందరూ పెద్దవ్వ అనేవాళ్లు. ఆమె పెనిమిటి ఒకప్పుడు అడవిలో కలప బండ్లు తోలేవాడట. అతని వెంట ఆమే ఎడ్లను చూసుకునేదట. నేను కూరుకుపోయిన ప్రతిసారీ ఆమె దవడలో పొగాకు అటూ ఇటూ మార్చుకుంటూ నా బండి చక్రాల వంకే చూసేది. గట్టెక్కాక నేను దిగి, "చూసినవా అవ్వా, ఫోర్ వీల్ గాబట్టి గీడిదాక అన్న వచ్చింది" అనేవాణ్ణి. ఆమె తల ఊపేది. టీకాలయ్యాక మా చాయ్ ఆమె ఇంట్లోనే.

అలా ఆరేళ్లు గడిచాక, ఒక ఏప్రిల్‌లో, పైనుంచి కాగితం వచ్చింది. పాత బండ్లను తనిఖీ చేస్తారు, పనికిరానివాటిని వేలం వేస్తారు, బదులు బండి ఇప్పట్లో రాదు. మా డాక్టర్ సాబ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశాడు.

"తనిఖీ సాహెబ్ బేస్తారం వస్తుండు. వాగు దాటించి చూస్తడంట. బండి దానంతట అది దాటితె ఉంటది. ఎవ్వలన్న తోసినట్టు కనవడ్డదా, ఆన్నే పనికిరాదని రాసేస్తడు."

అప్పటికి నా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ఆ బండి ఉన్నన్నాళ్లే నేను. బండి పోతే దాని తాళంచెవితో పాటు నన్నూ ఇంటికి పంపిస్తారు. ఇంట్లో భార్య, బడికి పోయే ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఊరికి టీకాలు ఎట్లా చేరతాయన్నది కూడా ఒక ప్రశ్నే, కానీ నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు దాని ధ్యాస లేదు. అన్నం సహించలేదు. ఆ వాగును ఎవరూ తోయకుండా నేను ఒక్కసారి కూడా దాటలేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

అంగడి రోజున ఆ ఊరి మనుషులు ఇద్దరు కనబడితే పక్కకు తీసుకుపోయాను. "బేస్తారం ఒక్కలు గూడ వాగు కాడికి రావద్దు. పెద్ద సాహెబ్ వస్తుండు. మీరు కనవడితె నా నౌకరి పోతది" అని చెప్పాను. వాళ్లు ఎంతో బాధపడుతూ విన్నారు. సరేనన్నారు.

బేస్తవారం సాహెబ్ వచ్చాడు. సన్నటి మనిషి, తలమీద టోపీ, చేతిలో అట్ట పుస్తకం, నోట మరాఠీ తప్ప రాదు. బండి చుట్టూ తిరిగి ఒక్కొక్క టైరును బూటుతో తన్ని చూశాడు. ముందు చక్రాన్ని తన్నినప్పుడు ఆయన బూటుకూ అసలు సంగతికీ మధ్య నాలుగు వేళ్ల దూరమే ఉంది. ఆయన ముందు కూర్చున్నాడు, నర్సు బాయి వెనక కూర్చుంది, బయలుదేరాం.

వాగు మలుపు తిరిగేసరికి నా పైప్రాణాలు పైకే పోయాయి. డజను మంది కాదు, ముప్ఫై మంది ఉన్నారు. స్నానాలు చేసి, ఉతికిన తువ్వాళ్లు చుట్టుకుని, ఈసారి వాగు దాటి మా గట్టు మీదికే వచ్చి వరసగా నిలబడ్డారు. సాహెబ్ ముందు తమ ఊరి డ్రైవర్ ఇసుకలో చిక్కుకుంటే ఊరి పరువేం కావాలని రాత్రి కూర్చుని ఆలోచించారట. ఎక్కువ మంది తోస్తే ఆగకుండా పోతుంది, అప్పుడు తోసినట్టే కనబడదు అని తీర్మానించారట. ఇది నాకు తర్వాత తెలిసింది.

"కోణ్ ఆహేత్ హే లోక్?" ఎవరు వీళ్లంతా అని సాహెబ్ అడిగాడు.

"మీకు స్వాగతం చెప్పడానికి వచ్చారు సాహెబ్" అన్నాను మరాఠీలో.

ఆయన మొహం విప్పారింది. పాపం, తనిఖీలకు వెళ్లేవాళ్లకు స్వాగతాలు ఎవరు చెబుతారు? దిగి ముప్ఫై మందితోనూ చేతులు కలిపాడు. ఆఖరి మనిషి చేయి కలిపి, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ, "ఇగ తోద్దమా?" అన్నాడు. ఏమంటున్నాడని సాహెబ్ అడిగితే, ఇక పదండి అంటున్నాడని చెప్పాను. ఆయన మాత్రం బండి ఎక్కలేదు. తాను గట్టు మీద నిలబడి చూస్తానన్నాడు.

పొట్టి రాడ్డు చివరిదాకా లాగాను. కనబడ్డ దేవుళ్లకూ కనబడని దేవుళ్లకూ దండం పెట్టి దిగాను. బండి నడిమిట్లోకి వచ్చింది, గుర్రుమంది, వెనక పక్క కూర్చుంది. వెనక చక్రాలు ఇసుకను తోడిపోస్తున్నాయి. వెంటనే ముప్ఫై మందీ అలవాటు కొద్దీ పరుగెత్తుకొచ్చారు. రావద్దని కిటికీలోంచి చెయ్యి ఊపాను. పిలుస్తున్నాననుకుని ఇంకా గట్టిగా పరుగెత్తారు. సాహెబ్ గట్టు మీంచి "థాంబా!" అని కేక వేశాడు. ఆగమని. అందరూ ఆగిపోయారు. ఎవరూ బండి ముట్టుకోవద్దంటూ ఆయన ఇసుకలో దిగి వచ్చాడు, అట్ట పుస్తకం తెరిచాడు, జేబులోంచి పెన్ను తీశాడు.

ఇంజన్ ఆపేశాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికి పోయి ఏమని చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను.

అప్పుడు అవతలి గట్టు మీది రాయి పైనుంచి పెద్దవ్వ లేచింది. మెల్లగా ఇసుకలో నడుచుకుంటూ వచ్చి, నా పక్క ముందు చక్రం దగ్గర నడుం వంచి చూసింది.

"బిడ్డా, నీ ముందటి జతకు కాడి కట్టలె" అంది.

"ఏందవ్వా?"

"ఆరేండ్ల సంది జూస్తున్న. ఎనక గిర్రలే ఇసుక జిమ్ముతయ్, తోసెటోల్ల నోట్లె మన్ను వడతది. ముందటియి బండి నడిస్తెనే తిరుగుతున్నయ్, వాటంతట అవి ఒక్కనాడు గూడ తిరుగలె. మా కలప బండి ఇసుకల దిగితె ముందట ఇంకో జతను కడుతుంటిమి. నువ్వు జతనైతె తెచ్చినవ్, కాడి మరిచినవ్. అవి ఉత్తగనే నడుస్తున్నయ్."

ఆమె ఏమంటున్నదని సాహెబ్ అడిగాడు. ఈ ఏడు ఇసుక ఎక్కువగా ఉంది అంటున్నదని చెప్పాను. వెనక సీట్లోంచి నర్సు బాయి అడ్డుపడి, పెద్దవ్వ మాటలను పొల్లు పోకుండా మరాఠీలో అప్పజెప్పింది. ఆరేళ్లలో ఆమెకు తెలుగు ఇంత బాగా వచ్చేసిందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నా గొప్పలన్నీ ఆమెకు అర్థమవుతూనే ఉన్నాయన్నమాట.

సాహెబ్ పెన్ను జేబులో పెట్టుకుని చక్రం ముందు గొంతుక్కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. చక్రం నడుమ తెల్లటి బొడిపె ఒకటి ఉంటుంది. ఎప్పుడో ఎవరో పెద్దాయన పర్యటనకు ముందు బండికి రంగు వేయించినప్పుడు, పెయింటర్ దాని మీద కూడా మందంగా సున్నంలా పూసేశాడు. సాహెబ్ బొటనవేలి గోటితో గీకాడు. పెద్దవ్వ నడుముకు దోపుకున్న కొడవలి తీసి ఇస్తే నేను గీకాను. రంగు పెచ్చులుగా లేచి వచ్చింది. కింద ఒక బాణం గుర్తు, రెండు ఇంగ్లీషు మాటలు. అంత చదువు నాకుంది. ఒకటి ఫ్రీ, ఒకటి లాక్. బాణం ఫ్రీ మీద ఉంది.

పాత డ్రైవర్ బస్సెక్కుతూ మింగేసిన సగం మాట ఇది. పొట్టి రాడ్డు లాగితే బలం ముందు ఇరుసు దాకా వస్తుంది. చక్రాన్ని ఇరుసుకు కట్టేది మాత్రం ఈ బొడిపె. దిగి, చేత్తో దీన్ని లాక్ వైపు తిప్పితేనే ముందు చక్రాలు లాగుతాయి. లేకపోతే పెద్దవ్వ అన్నట్టు ఉత్తగా నడుస్తాయి. అంటే ఆరేళ్లుగా నేను రెండు చక్రాల బండి మీద నాలుగు చక్రాల ఉపన్యాసం ఇచ్చాను.

"మరి గిన్నేండ్ల సంది చెప్పలేదేంది అవ్వా?" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది.

"నువ్వు నన్నెప్పుడన్న అడిగినవా? వచ్చినప్పుడల్ల నువ్వే జెప్తుంటివి" అంది.

పట్టకారుతో రెండు పక్కలా బొడిపెలు తిప్పాను. టక్కుమన్నాయి. చక్రాల ముందు ఇసుక తవ్వడానికి మాత్రం సాహెబ్ ఒప్పుకున్నాడు, తోయడానికి కాదు. పొట్టి రాడ్డు ఎలాగూ వెనక్కే ఉంది, మొదటి గేరు వేసి, మెల్లగా క్లచ్ వదిలాను. స్టీరింగ్ నా చేతుల్లో ముందుకు గుంజింది. అది నాకు కొత్త. మడుగులో పడుకున్న బర్రె లేచినట్టు బండి లేచి, నడిచింది. పట్టరాని ఆనందంతో కేక పెట్టాను. ముప్ఫై మంది నాకు రెండు పక్కలా పరుగెత్తుతున్నారు. ఎవరూ ముట్టుకోవడం లేదని సాహెబ్‌కు కనబడాలని అందరూ రెండు చేతులూ పైకెత్తి పరుగెత్తుతున్నారు.

గట్టి నేల ఎక్కాక పొట్టి రాడ్డును ముందుకు నెట్టాను. కదల్లేదు. ఆరేళ్లలో అది ఎన్నడూ జామ్ కాలేదు, నాది మెత్తటి చెయ్యి కాబట్టి కాలేదని చెప్పుకునేవాణ్ణి. పాత డ్రైవర్ మాట గుర్తొచ్చి నాలుగు గజాలు రివర్స్ చేశాను, వదిలింది. పక్కన ఎక్కి కూర్చున్న సాహెబ్, ముందు చక్రాలు నిజంగా పనిచేస్తేనే గట్టి నేల మీద అలా బిగుసుకుంటుందని చెప్పి, "నువ్వు ఫోర్ వీల్‌లోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి" అన్నాడు.

పెద్దవ్వ ఇంట్లో చాయ్ తాగుతూ రిపోర్టు రాశాడు. బండి వాగు దాటుతుంది, ఉంచవచ్చు. డ్రైవర్ గురించి రాయాల్సిన చోట చాలాసేపు ఆలోచించి, 'అక్కడికక్కడే శిక్షణ పొందాడు' అని రాశాడు. శిక్షణ ఇచ్చినవారి పేరు రాయడానికి ఒక గడి ఉంది. సాహెబ్ పెద్దవ్వ వంక ఒకసారి చూసి, ఆ గడిని ఖాళీగా వదిలేశాడు.

కథ ఇక్కడ ఆగిపోతే నా పరువు సగమన్నా దక్కేది.

మరుసటి నెల దవాఖానా ముందే బొడిపెలు లాక్ చేసుకుని బయలుదేరాను. వాగును ఒక్క ఊపులో దాటేశాను. హారన్ కొట్టే అవసరమే రాలేదు. గట్టు మీద తువ్వాళ్లు చుట్టుకుని నిలబడ్డ డజను మందికి దర్జాగా చెయ్యి ఊపి, ఆపకుండా ముందుకు పోయాను. అద్దంలో చూస్తే వాళ్లు చేతులు వేలాడేసుకుని అక్కడే నిలబడి ఉన్నారు.

ఊళ్లో ఎవరూ లేరు. తునికాకు కోతల రోజులు, తల్లులంతా పిల్లల్ని చంకనేసుకుని అడవికి వెళ్లిపోయారు. నర్సు బాయి వచ్చిందని ఇల్లిల్లూ కేక వేసి, అవసరమైతే అడవిలోకి పోయి తల్లుల్ని పిలుచుకొచ్చేవాళ్లను నేను వాగు గట్టునే వదిలేసి వచ్చాను. మధ్యాహ్నం దాకా డబ్బా ముందు పెట్టుకుని కూర్చుంటే ఐదుగురు పిల్లలు వచ్చారు. తోసేవాళ్లు తీరిగ్గా నడిచి వచ్చి దూరంగా నీడలో కూర్చున్నారు. దగ్గరికి వెళ్లి పలకరించాను.

"ఇగ మాతోని పనేముంది డ్రైవర్ సాబ్, నీ బండి మంచిగైంది గదా" అన్నాడు ఒకాయన. ఎగతాళి కాదు, నిజంగానే నొచ్చుకుని అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

తిరుగు దారిలో నర్సు బాయి డబ్బా మీద చేతులు పెట్టుకుని, "భావూ, మీ ఫోర్ వీల్ బాగుంది. పిల్లలే రాలేదు" అంది.

వానలకు ముందు ఇంకొక్క టీకాల రోజే మిగిలింది. అది తప్పితే మళ్లీ వాగు తగ్గేదాకా ఆ పిల్లలకు టీకాలు లేవు. ఆ రోజు వాగు మలుపుకు ఇవతలే బండి ఆపి దిగాను. రెండు బొడిపెలనూ ఫ్రీ వైపు తిప్పాను. నర్సు బాయి కిటికీలోంచి చూసి, టీకాల డబ్బాను ఒళ్లోకి గట్టిగా లాక్కుంది. పొట్టి రాడ్డు ముట్టుకోలేదు, ముందు చక్రాలు కట్టకుండా దాన్ని లాగి మళ్లీ వెనక ఇరుసు విరగ్గొట్టుకునే ఓపిక నాకు లేదు. మామూలుగా దిగి, నడిమిట్లోకి పోయి, బుద్ధిగా కూరుకుపోయి, రెండుసార్లు హారన్ కొట్టాను.

అవతలి గట్టు మీద ఒక్కసారిగా అరుపులు లేచాయి. తువ్వాళ్లు బిగించుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఏమాయె డ్రైవర్ సాబ్, మల్ల ఖరాబైందా?" అని అడుగుతున్నప్పుడు వాళ్ల మొహాల్లో ఉన్న సంతోషం చూసి నాకు నవ్వు వచ్చింది.

పెద్దవ్వ కూడా రాయి మీంచి లేచి వచ్చింది. నేరుగా ముందు చక్రం దగ్గరికి పోయి, వంగి, బొడిపె మీద బాణం గుర్తు ఎటుందో వేలితో తడిమి చూసింది. చదువు రాదు, కానీ సాహెబ్ వచ్చిన రోజు నేను ఎటు తిప్పానో గుర్తు పెట్టుకుంది. లేచి కిటికీ దగ్గరికి వచ్చి, వాళ్లకు వినబడకుండా గొంతు తగ్గించింది.

"ముందటి జతను ఇప్పుకోని వచ్చినవా బిడ్డా?"

"అవునవ్వా" అన్నాను.

నోట్లో పొగాకు పక్కకు ఊసి, చీర కొంగు నడుముకు బిగించి, ఆరేళ్లలో ఎన్నడూ నా బండి మీద చెయ్యి వేయని మనిషి, వెనక్కి పోయి అందరితో పాటు తోయడానికి నిలబడింది.